చిప్పరు తిరుగుతుండగా క్లచ్చు తొక్కినా ఆగని ట్రాక్టరు

పర్లాకిమిడి నుంచి కొండల వైపు వెళ్ళే దారిలో మాకు జీడితోట ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసి, అదే ఊపులో మా గజపతి జిల్లాలోకి వచ్చినప్పుడు, ఈ తోటలో సగానికి పైగా చెట్లు వేళ్ళతో సహా ఒరిగిపోయాయి. లావు మొద్దులను కట్టెల అడితి వాళ్ళు కొనుక్కుపోయారు. ఎవరికీ అక్కరలేని కొమ్మలను, రెమ్మలను మాత్రం రెండు మూడేళ్ళ పాటు కుప్పలు పోసి కాలుస్తూ వచ్చాము. ఒక ఎండాకాలం ఆ మంట గట్టు దాటి, కొత్తగా నాటిన అంట్ల వరుసలోకి పాకింది. ఆ ఏడాదే కాల్చడం మానేయాలని నిశ్చయించుకుని, ట్రాక్టరు వెనుక తగిలించి నడిపే, కొమ్మలను తునకలు చేసే చిప్పరు ఒకటి కొన్నాము. ఇప్పుడు ఏటా గింజల కోత అయిపోయాక కత్తిరించే కొమ్మలన్నీ చెక్క తునకలై చెట్ల పాదుల్లోనే పరుచుకుంటున్నాయి, ఎర్రమట్టి నేలలో తేమ నిలుస్తోంది.

ఈ యంత్రాన్ని అద్దెకో అరువుకో అడిగేవారు మా చుట్టుపక్కల ఎక్కువయ్యారు. అడిగేవారిలో చాలామంది దగ్గర ఉన్నవి మా ట్రాక్టరు లాంటివే, అంటే పాతిక ముప్ఫై ఏళ్ళు దాటినవి. మాది 1990లో మా నాన్నగారు కొన్న 35 హార్స్‌పవర్ ట్రాక్టరు. ఇంజను ఇప్పటికీ మంచి స్థితిలో ఉంది, దున్నే కల్టివేటరుకు, సరుకు మోసే తొట్టెకు ఏనాడూ అడ్డం చెప్పలేదు. అయితే కల్టివేటరు లాగడం వేరు, చిప్పరు తిప్పడం వేరు. ఆ తేడా నాకు తెలిసివచ్చిన రోజును ముందుగా చెప్పాలి.

కొత్తలో ఒక కుప్ప దగ్గర కొమ్మలన్నీ అయిపోగానే, పది బారల దూరంలో ఉన్న మరో కుప్ప దగ్గరకు బండిని జరపాలనుకున్నాను. అంత దగ్గరకే కదా, చిప్పరును ఆపి మళ్ళీ అందుకునేదాకా డీజిలు దండగ ఎందుకని, పీటీవో (ఇంజను శక్తిని వెనుక తగిలించిన యంత్రానికి అందించే తిరుగుడు మొన) లివరును అలాగే ఉంచి మొదటి గేరు వేసి కదిలించాను. కుప్ప దగ్గరకు రాగానే క్లచ్చు తొక్కాను. ట్రాక్టరు ఆగలేదు. రెండు బ్రేకులూ కలిపి తొక్కాను, అప్పటికీ ఎవరో వెనుక నుంచి నెడుతున్నట్టు ముందుకే పోయింది. ముందు నిలబడి కొమ్మలు సర్దుతున్న మా చిన్నాన్న కొడుకు నా ముఖం చూసి పక్కకు దూకాడు. ముందు ఇరుసు ఒక జీడి మోడుకు తగిలి, అక్కడ బండి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, రేడియేటరు ముందున్న జాలి మాత్రం లోపలికి వంగిపోయింది. కాళ్ళ వణుకు తగ్గడానికి నాకు చాలాసేపు పట్టింది. మరునాడు పర్లాకిమిడిలో మాకు ఎప్పటినుంచో పని చేసిపెట్టే మేస్త్రీని పిలిచి జరిగింది చెబితే, ఆయన ఒకే మాట అన్నారు: “బాబూ, నువ్వు క్లచ్చు తొక్కింది ఇంజనుకి. వెనకాల తిరుగుతున్న బరువుకి క్లచ్చు ఎవరు తొక్కుతారు?”

ఆ మాటలోని అర్థాన్ని వివరంగా చెబుతాను, ఎందుకంటే మిగతా జాగ్రత్తలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. చిప్పరు లోపల కత్తులు బిగించిన బరువైన ఉక్కు డిస్కు ఉంటుంది. లావు కొమ్మ తగిలినప్పుడు వేగం పడిపోకుండా ఉండటానికే దానిని అంత బరువుగా చేస్తారు. వేగం అందుకున్నాక అది తన తిరుగుడును అంత తేలికగా వదలదు. పాత ట్రాక్టర్లలో చాలావాటికి ఒకే క్లచ్చు ఉంటుంది, చక్రాలకూ పీటీవోకూ శక్తి ఒకే గేరుబాక్సు నుంచి వెళుతుంది. క్లచ్చు తొక్కితే ఇంజను విడిపోతుంది గాని, డిస్కుకూ వెనుక చక్రాలకూ మధ్య ఉన్న సంబంధం తెగదు. అప్పుడు డిస్కు, ట్రాక్టరు పీటీవోను చిప్పరుతో కలిపే షాఫ్టును వెనుక నుంచి తిప్పుతుంది, షాఫ్టు గేరుబాక్సును, గేరుబాక్సు చక్రాలను తిప్పుతాయి. బండి చిన్న గేరులో ఉన్నప్పుడు గేర్ల లెక్క అంతా డిస్కుకే అనుకూలం, కాబట్టి అరిగిన పాత బ్రేకులు దానిని ఆపలేవు. రెండు దశల క్లచ్చు ఉన్న ట్రాక్టర్లలో పెడలును సగం తొక్కితే చక్రాలకు, పూర్తిగా తొక్కితే పీటీవోకు కూడా శక్తి ఆగుతుంది. పీటీవోకు విడిగా క్లచ్చు ఉన్న కొత్త బండ్లలో ఈ బాధ అసలు లేదు. తన బండి ఏ రకమో యజమానికి చిప్పరు తగిలించకముందే తెలిసి ఉండాలి.

దీనికి మందు ఓవర్‌రన్నింగ్ క్లచ్చు అనే చిన్న భాగం. ట్రాక్టరు పీటీవో మొనకు, షాఫ్టుకు మధ్య దీనిని తొడుగుతారు. సైకిలు ఫ్రీవీలు పనే ఇదీ చేస్తుంది: మనం తొక్కడం మానేసినా చక్రం తిరుగుతూనే ఉంటుంది గాని, చక్రం మన కాళ్ళను తిప్పదు. ఇంజను డిస్కును తిప్పగలదు, డిస్కు ఇంజనునూ చక్రాలనూ తిప్పలేదు. దాని ఖరీదు మా రేడియేటరు జాలి బాగు చేయించిన ఖర్చు కంటే మరీ ఎక్కువేమీ కాలేదు. కొనేటప్పుడు పీటీవో మొన కొలత చూసుకోవాలి. మన పాత ట్రాక్టర్లలో సాధారణంగా ఉండేది 6 పళ్ళ, 35 మిల్లీమీటర్ల మొన, అది నిమిషానికి 540 చుట్లకు ఉద్దేశించినది. ఈ భాగం తొడిగాక షాఫ్టు కొన్ని అంగుళాలు వెనక్కు జరుగుతుంది, అందువల్ల షాఫ్టు పొడవును మళ్ళీ కొలిచి కోయించుకోవలసి వస్తుంది. ఆ పని చేయకుండా బలవంతంగా ఇరికిస్తే గేరుబాక్సు బేరింగులు పాడవుతాయి.

ఓవర్‌రన్నింగ్ క్లచ్చు బిగించాక మరో సంగతి గమనించాను. అంతకుముందు యాక్సిలరేటరు తగ్గిస్తే ఇంజను బిగువే డిస్కును కొంత పట్టి ఆపేది. ఇప్పుడు ఆ పట్టు లేదు, డిస్కు తనంతట తాను తిరిగి తిరిగి ఆగవలసిందే. గడియారం పట్టుకుని చూస్తే మా యంత్రంలో డిస్కు పూర్తిగా నిలవడానికి ఒకటిన్నర నిమిషానికి పైగా పడుతోంది. ఇంజను శబ్దం ఆగిపోగానే పని ఆగిపోయిందని మనసు అనుకుంటుంది, కత్తులు మాత్రం మూత వెనుక తిరుగుతూనే ఉంటాయి. అందుకే మా తోటలో ఇంజను ఆపాక అందరూ యంత్రానికి దూరంగా వెళ్ళి మంచినీళ్ళు తాగి రావాలన్నది నియమం. ఇక ఒక కుప్ప నుంచి మరో కుప్పకు పోవాలంటే, ఎంత దగ్గరైనా సరే, పీటీవో విడదీసి డిస్కు నిలిచాకే బండి కదులుతుంది. ఓవర్‌రన్నింగ్ క్లచ్చు ఉంది కదా అని ఈ నియమాన్ని సడలించలేదు.

చిప్పరంటే అందరూ కత్తులకు భయపడతారు గాని, నన్నడిగితే షాఫ్టుకు అంతకంటే ఎక్కువ భయపడాలి. 540 చుట్లంటే సెకనుకు 9 చుట్లు. షాఫ్టు వంగే కీలు, అంటే క్రాసు, దగ్గర దానిని పట్టి ఉండే పంగ లాంటి యోకు అడ్డుకొలత 9 సెంటీమీటర్లు అనుకుంటే, ఒక చుట్టుకు సుమారు 28 సెంటీమీటర్ల బట్ట చుట్టుకుంటుంది, అంటే సెకనుకు రెండున్నర మీటర్లు. భుజం మీది తువ్వాలు పూర్తిగా చుట్టుకోవడానికి ఒక సెకను కూడా అక్కరలేదు. చీర కొంగు అంచు ఒక్కటి చిక్కితే, మనిషి గుర్తించి చెయ్యెత్తేలోపే ఒంటి మీది బట్ట శరీరాన్ని షాఫ్టు వద్దకు లాగేస్తుంది. ఇంజనుకు ఆ లాగుడు ఒక భారమే కాదు, శబ్దంలో మార్పు కూడా రాదు. మా తోటలో పనిచేసేవారిలో సవర ఆడవాళ్ళు ఎక్కువ. చిప్పరు నడిచే రోజున వాళ్ళకు కొమ్మలు మోసి కుప్ప దగ్గర వేయడం వరకే పని, అదీ షాఫ్టు లేని వైపు నుంచి మాత్రమే. ట్రాక్టరుకూ చిప్పరుకూ మధ్య నుంచి అడ్డంగా నడవడం ఎవరికీ లేదు, నాకు కూడా లేదు. అటు నుంచి ఇటు రావాలంటే బండి ముందు నుంచి చుట్టి రావాలి.

షాఫ్టు మీద ప్లాస్టిక్ గొట్టం లాంటి తొడుగు ఉండాలి, దాని చివరి చిన్న గొలుసులు బండికీ చిప్పరుకూ కట్టి ఉండాలి. లోపల షాఫ్టు తిరుగుతున్నా బయటి తొడుగు కదలకుండా నిలవడం కోసమే ఆ గొలుసులు. ఇంజను ఆపి ఉన్నప్పుడు తొడుగును చేత్తో తిప్పి చూస్తే తేలికగా తిరగాలి. షాఫ్టుకు అతుక్కుని దానితోపాటే తిరిగే తొడుగు ఉన్నా లేనట్టే. ట్రాక్టరు వైపు పీటీవో మొన మీద ఉండే ఇనుప గొడుగును తొట్టె తగిలించడానికి అడ్డమని పాత బండ్లలో ఎప్పుడో విప్పి పారేసి ఉంటారు. మాదీ అలాగే పోయింది. వెల్డింగు షాపులో మందపాటి రేకుతో కొత్తది చేయించి బిగించాను.

షాఫ్టు రెండు ముక్కలూ ఒకదానిలో ఒకటి దూరి ఉండే భాగం పని చేసే స్థితిలో మొత్తం పొడవులో మూడో వంతుకు తగ్గకూడదు, అలాగని చివరిదాకా ఇరుక్కోనూ కూడదు. రెండు వైపులా క్రాసుల యోకులు ఒకే వరుసలో ఉండాలి, లేకపోతే బండి అంతా అదురుతుంది. తగిలించాక లాకు పిన్ను పడిందో లేదో షాఫ్టును గట్టిగా లాగి చూడటం నేను ఏనాడూ మానను. ఇక తెగడానికే పెట్టిన షియర్ బోల్టు తెగినప్పుడల్లా విసుగెత్తి గట్టి బోల్టు వేసేవారున్నారు. ఆ బోల్టు తెగకపోతే తెగేది షాఫ్టు, లేదా ట్రాక్టరు గేరుబాక్సు. యంత్రంతో వచ్చిన పుస్తకంలో రాసిన గ్రేడు బోల్టులు నాలుగైదు పెట్టెలో ఉంచుకుంటే గట్టి బోల్టు వేయాలన్న ఆశ పుట్టదు.

బండిని నిలపడంలో కూడా పాత ట్రాక్టరుకు కొన్ని ప్రత్యేక జాగ్రత్తలు కావాలి. హైడ్రాలిక్ అరిగి ఉంటుంది కాబట్టి లిఫ్టు చేతుల మీద చిప్పరును వేలాడదీసి నడపకూడదు. పని మధ్యలో అది మెల్లగా కిందికి దిగుతుంది, షాఫ్టు కోణం మారిపోతుంది. చిప్పరు తన కాళ్ళ మీద నేల ఆని ఉండాలి, షాఫ్టు వీలైనంత తిన్నగా ఉండాలి. నాలుగు చక్రాలకూ చెక్క దిమ్మలు, గేరు న్యూట్రల్‌లో, చేతి బ్రేకు బిగించి. కొన్ని పాత బండ్లలో పీటీవో లివరుకు చక్రాల వేగంతో పాటు తిరిగే మరో స్థానం కూడా ఉంటుంది. లివరు ఏ స్థానంలో ఉందో చూడకుండా ఎక్కించరాదు. మా బండి మీటరు పనిచేయదు గనక, మేస్త్రీ చేత చేతి మీటరుతో కొలిపించి, పీటీవో 540 చుట్లకు వచ్చే చోట యాక్సిలరేటరు పట్టీ మీద తెల్ల రంగుతో గీత పెట్టించుకున్నాను. ఇంజను మందంగా ఉండగా పీటీవో ఎక్కించి, డిస్కు కదిలాక నిదానంగా గీత వరకు తెచ్చి, వేగం కుదుటపడ్డాకే మొదటి కొమ్మ పెడతాము. ఆపేటప్పుడు లోపలున్న తునకలన్నీ బయటకు వచ్చేదాకా ఆగి, యాక్సిలరేటరు పూర్తిగా తగ్గించి, ఆ తర్వాతే పీటీవో విడదీస్తాము. గీత దాటించి నడపడం వల్ల పని వేగం పెరగదు, కత్తుల బోల్టుల మీద ఒత్తిడి మాత్రం పెరుగుతుంది.

కొమ్మ పెట్టేవాడు చిప్పరులోకి కొమ్మలు దూర్చే తొట్టికి ఎదురుగా కాక పక్కన నిలబడాలి. మొదలు ముందు, చివర వెనుక. కొమ్మను కత్తులు పట్టుకోగానే వదిలేయాలి. మా చిప్పరులో లాగే రోలర్లు లేవు, కత్తులే కొమ్మను లోపలికి గుంజుకుంటాయి, ఆ గుంజుడు మనిషి పట్టు కంటే వేగంగా ఉంటుంది. వంకర కొమ్మ అయితే తొట్టిలో ఒక్కసారిగా తిరగబడి పక్కనున్నవారిని కొడుతుంది, అందుకే పంగలను ముందే గొడ్డలితో విడదీస్తాము. తోటల్లో ప్రత్యేకంగా చూడవలసినది తీగలు. జీడి కొమ్మలకు అల్లుకున్న అడవి తీగ మణికట్టుకో వేళ్ళకో చుట్టుకుని ఉండగా కొమ్మ లోపలికి పోతే, కొమ్మతో పాటు చెయ్యి కూడా పోతుంది. తీగలున్న కుప్పను మేము మొదట విడదీసి, తీగలను విడిగా కుళ్ళబెడతాము. పొట్టి ముక్కలను చేత్తో కాదు, మరో పొడవాటి కొమ్మతో నెట్టాలి. కాలితో తన్నడం అన్నది ఎవరి చేతా చేయనివ్వకూడదు. చేతి తొడుగులు మణికట్టు దగ్గర బిగుతుగా ఉండాలి, వేలాడే అంచు ఉన్నవి వద్దు. ఉంగరాలు, గాజులు, మెడలో తాళ్ళు తీసి పెట్టాలి.

తొట్టి పొడవు విషయం చిన్నదిగా కనిపిస్తుంది గాని ప్రాణం అక్కడే ఉంది. మన దేశంలో నూర్పిడి యంత్రాలు ఎందరో రైతుల చేతులు తీసుకున్నాక 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం వచ్చింది. నూర్పిడి యంత్రం తొట్టి కనీసం 90 సెంటీమీటర్లు ఉండాలని, అందులో లోపలి వైపు 45 సెంటీమీటర్లు పైన మూసి ఉండాలని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. దాని వెనుక ఉన్న ఆలోచన ఒకటే: మనిషి చెయ్యి చాచినా కత్తిని అందుకోకూడదు. చౌకగా దొరుకుతున్న కొన్ని చిప్పర్ల తొట్టి నా మోచేతి పొడవు కూడా లేదు. అలాంటిది కొనవద్దని అడిగినవారందరికీ చెబుతున్నాను. ఇప్పటికే కొన్నవారు రేకుతో దానిని పొడిగించుకోవాలి.

మా ప్రాంతంలో తెలుగు, ఒడియా, సవర మూడు భాషలూ ఒకే తోటలో వినిపిస్తాయి. ఒకరు “ఆపు” అంటారు, మరొకరు “బంద కర” అంటారు. చిప్పరు మోతలో ఏ భాషా వినిపించదు, చెవులకు కప్పు పెట్టుకుంటే అసలే వినిపించదు. అందుకని పని మొదలుపెట్టే ముందు ప్రతి ఉదయం అందరినీ నిలబెట్టి, రెండు చేతులూ పైకెత్తితే ఆపమని అర్థమని చేసి చూపిస్తాను, వాళ్ళ చేత చేయిస్తాను. కొమ్మ పెట్టేది ఒక్కరే. ట్రాక్టరు పక్కన, ఇంజను ఆపే తీగ అందేంత దూరంలో రెండో మనిషి ఉంటాడు, అతని పని ఆ రెండు చేతులను చూస్తూ ఉండటం తప్ప మరేమీ కాదు. అతను ఫోను చూడకూడదు, కొమ్మ అందించకూడదు. ఒక మనిషి కూలి దండగ కదా అని మొదట్లో మా ఇంట్లోనే అన్నారు. ఆ కూలి నేను మానలేదు, మానను.

తునకలు బయటకు వచ్చే గొట్టం మూసుకుపోయినప్పుడే తొందరపాటు ఎక్కువ. పచ్చి జీడి ఆకు, తడిసిన రెమ్మలు ఎక్కువైతే మూసుకుపోతుంది. పీటీవో విడదీసి, ఇంజను ఆపి, డిస్కు నిలిచేదాకా ఆగి, ఆ తర్వాత షాఫ్టును ట్రాక్టరు నుంచి పూర్తిగా ఊడదీస్తాను. మా పాత బండికి తాళం చెవి ఎప్పుడో పోయింది, బటను నొక్కితే చాలు స్టార్టవుతుంది. అటువంటి బండిలో తాళం జేబులో వేసుకునే రక్షణ లేదు గనక, బ్యాటరీ తీగ కూడా విప్పుతాను. డిస్కుకు అడ్డుకడ్డీ పెట్టి లాకు చేశాకే మూత తెరవాలి, ఎందుకంటే ఇరుక్కున్న ముక్క వదులుకాగానే బరువు ఎక్కువున్న వైపుకు డిస్కు కాస్త తిరుగుతుంది, ఆ కాస్త చాలు వేలు పోవడానికి.

మట్టి అంటిన వేళ్ళు, చెదపుట్ట పట్టిన కొమ్మలు కత్తులను ఒక్క పూటలో మొండి చేస్తాయి. కంచె తీగ, మేకు దిగిన ఊతకర్రలు అసలే వేయరాదు. కళ్ళకు అద్దాలు, తునకలు పడే వైపు మనుషులు లేకుండా చూసుకోవడం, ఎండుటాకు సైలెన్సరు దగ్గర చేరకుండా ఊడ్చుకోవడం, దుమ్ముతో మూసుకుపోయే రేడియేటరు జాలిని గంటకోసారి దులపడం ఇవన్నీ రెండు మూడు రోజుల్లో అలవాటైపోయే పనులే.

మొన్నటి వారం కాశీనగర్ నుంచి మా బావగారు తన ట్రాక్టరు తోలుకుని, చిప్పరు రెండు రోజులు ఇమ్మని వచ్చారు. ఆయన బండికి పీటీవో గొడుగు లేదు, క్లచ్చు ఒక్కటే. “బావా, చిప్పరు ఇస్తాను, దానితో పాటు ఓవర్‌రన్నింగ్ క్లచ్చు కూడా నాదే తీసుకెళ్ళండి, గొడుగు మాత్రం ఇప్పుడే చేయించుకుందాం,” అన్నాను. ఆయనకు తిరుగు ప్రయాణం ఆలస్యమైపోతుందని కొంత కోపం వచ్చిన మాట నిజం. వెల్డింగు షాపులో రేకు కోసి, బోల్టులు బిగించి, షాఫ్టు పొడవు ఆయన బండికి సరిపోయేలా చూసుకునేసరికి దీపాలు పెట్టే వేళ అయింది. రాత్రి మా ఇంట్లోనే భోంచేసి పడుకుని, తెల్లవారాక చిప్పరు తగిలించుకుని వెళ్ళారు. పీటీవో విడదీశాక డిస్కు ఆగడానికి ఎంతసేపు పడుతోందో గడియారం చూసి చెప్పమని అడిగాను, ఆ సాయంత్రమే ఫోను చేసి చెప్పారు.